ఫోనెత్తడం తేలికే, పెట్టేయడమే కష్టం

టేపురికార్డరు పాటల కోసమే పుట్టిందని చాలామంది అనుకుంటారు. దానికి ఆద్యుడైన డెన్మార్క్ ఇంజినీరు వాల్డెమార్ పౌల్సన్ మనసులో ఉన్నది మాత్రం టెలిఫోను. కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఆయన, ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఫోను చేసినవాళ్ల మాటను పట్టి ఉంచే ఉపాయం వెతికాడు. ఉక్కు తీగను డ్రమ్ముకు చుట్టి, దాని వెంట ఒక విద్యుదయస్కాంతాన్ని నడిపిస్తే మాటలోని హెచ్చుతగ్గులు తీగ మీద అయస్కాంతపు గుర్తులుగా నిలిచిపోయాయి. 1898లో పేటెంటుకు పెట్టిన ఆ యంత్రానికి టెలిగ్రాఫోన్ అని పేరు. 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ దాని ముందు నాలుగు మాటలు మాట్లాడాడు. అయస్కాంతం మీద నమోదై నేటికీ మిగిలిన స్వరాల్లో అదే అతి పాతది.

అయినా ఆ యంత్రం మామూలు ఇళ్లలో అడుగుపెట్టడానికి మరో డెబ్బై ఏళ్లు పట్టింది. ఆలస్యానికి సాంకేతిక ఇబ్బందులు కొంతే కారణం. అమెరికాలో బెల్ ల్యాబ్స్‌కు చెందిన క్లారెన్స్ హిక్‌మన్ 1930ల తొలి సంవత్సరాల్లోనే అయస్కాంత టేపుతో నడిచే ఆన్సరింగ్ మెషీన్ నమూనా తయారుచేశాడు. మాతృసంస్థ ఏటీ అండ్ టీ దాన్ని బయటికి రానివ్వలేదు. తమ మాట రికార్డవుతుందేమోనన్న అనుమానం ఒక్కసారి పడితే జనం ఫోనులో మాట్లాడటం తగ్గించేసి, మళ్లీ ఉత్తరాలకే పోతారని దాని భయం. చరిత్రకారుడు మార్క్ క్లార్క్ ఆ సంస్థ పాత కాగితాలు తిరగేసి 1990లలో ఈ సంగతి బయటపెట్టాడు. తన తీగకు తన పరికరాలు తప్ప మరేవీ తగలకూడదన్న ఆ కంపెనీ పట్టు, 1968లో కార్టర్‌ఫోన్ కేసులో అమెరికా కమ్యూనికేషన్ల కమిషన్ ఇచ్చిన తీర్పుతో సడలింది. 1971లో మార్కెట్లోకి వచ్చిన ఫోన్‌మేట్ 400 నాలుగున్నర కిలోల బరువుండేది. 20 సందేశాలు పట్టేది.

మన ఇళ్లలో ఇది ఎప్పుడూ మామూలు వస్తువు కాలేదు. ఫోను కనెక్షన్ కోసం డిపాజిట్టు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసిన రోజుల్లో, వచ్చిన ఆ ఒక్క ఫోనునూ ఎత్తడానికి ఇంట్లో ఎవరో ఒకరు ఉండనే ఉండేవారు. పక్కింటివాళ్ల ఫోన్లు కూడా అక్కడికే వచ్చేవి. ఆన్సరింగ్ మెషీన్ గొంతును తెలుగువాళ్లలో చాలామంది మొదట విన్నది అమెరికాలో ఉన్న కొడుక్కో కూతురికో ఐఎస్‌డీ బూతు నుంచి ఫోను చేసినప్పుడే.

ఆ నాలుగున్నర కిలోల యంత్రం చేసిన పనిని ఇప్పుడు కొన్ని వందల రూపాయల సామానుతో బల్ల మీద చేసుకోవచ్చు. ఆర్డుయినో బోర్డులో ఉండే ఏటీమెగా 328పీ అనే మైక్రోకంట్రోలర్, మెమరీ కార్డు పెట్టుకునే చిన్న అట్ట, ఒక రిలే, ఒక ట్రాన్స్‌ఫార్మర్, ఒక ఆప్టోకప్లర్, చిల్లర విడిభాగాలు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో ఒక పూట తిరిగితే ఇవి దొరుకుతాయి. మొదలుపెట్టేవాళ్లు మాట రికార్డు చేయడమే అసలు చిక్కు అనుకుంటారు. నిజానికి అది మధ్యరకం చిక్కు. ఎప్పుడు ఎత్తాలో తెలుసుకోవడం అంతకన్నా సులువు. అవతలి మనిషి ఫోను పెట్టేశాడని తెలుసుకోవడం దగ్గరే అసలు బుర్రకు పని పడుతుంది.

ముందు ఆ తీగల సంగతి చూడాలి. ల్యాండ్‌లైనుకు వచ్చేవి రెండే రాగి తీగలు. ఫోనుకు కరెంటు, గంట, నా మాట, మీ మాట, నొక్కిన అంకె అన్నీ ఆ రెండింటి మీదే నడుస్తాయి. రిసీవరు పెట్టి ఉన్నప్పుడు వాటి మధ్య సుమారు 48 వోల్టుల డీసీ ఉంటుంది. అది ఎక్స్ఛేంజిలోని పెద్ద బ్యాటరీల నుంచి వస్తుంది కాబట్టే ఊరంతా కరెంటు పోయినా పాత ఫోను పలికేది. ఆ బ్యాటరీల పాజిటివ్ కొసను భూమికి కలిపి, లైనును మైనస్ 48 వోల్టుల దగ్గర ఉంచుతారు. తడి నేలలో పాతిన కేబులు నుంచి కాస్త కరెంటు కారినా రాగి కరిగి తినేసుకుపోకుండా ఆ ఏర్పాటు కాపాడుతుంది.

ఎవరైనా ఫోను చేసినప్పుడు ఎక్స్ఛేంజి ఈ డీసీ మీద 75 నుంచి 90 వోల్టుల ఏసీని ఎక్కిస్తుంది. మన దేశంలో దాని పౌనఃపున్యం మామూలుగా 25 హెర్ట్జ్. ఏసీ శిఖరాన్ని డీసీతో కలిపి లెక్కేస్తే 150 వోల్టులు దాటుతుంది. గంట మోగే క్షణంలో వట్టి చేత్తో తీగ పట్టుకున్న లైన్‌మన్లకు ఆ దెబ్బ బాగా తెలుసు. అయిదు వోల్టుల మీద బతికే చిప్పుకు అది నేరుగా తగిలితే ఇక మాట్లాడుకోవడానికేమీ మిగలదు.

అందుకే గంటను వెలుతురు ద్వారా చిప్పుకు చెబుతారు. డీసీని ఆపి ఏసీని మాత్రమే పోనిచ్చే కెపాసిటర్, సగం మైక్రోఫారడ్‌కు కాస్త అటూఇటూ విలువది, కనీసం 250 వోల్టులకు తట్టుకునేది, లైనులో పెడతారు. దాని వెనక కరెంటును తగ్గించే రెసిస్టరు, ఆ వెనక ఎదురెదురుగా కలిపిన రెండు జీనర్ డయోడ్లు, చివర పీసీ 817 లాంటి ఆప్టోకప్లర్. దాని లోపల ఒక బుల్లి ఎల్‌ఈడీ, దానికెదురుగా వెలుతురు పడితే పనిచేసే ట్రాన్సిస్టర్ ఉంటాయి. రెంటి మధ్య లోహపు సంబంధమేదీ ఉండదు. గంట మోగితే ఎల్‌ఈడీ వెలిగి ఆరుతుంది, చిప్పు దాన్ని చూస్తుంది. జీనర్లు ఎందుకంటే, అదే లైను మీద ఉన్న మరో ఫోనులో ఎవరైనా పాత పద్ధతిలో డయలు తిప్పితే సెకనుకు పది చొప్పున కుదుపులు వస్తాయి. అవి గంటలా అనిపించి మెషీను మధ్యలో దూరకుండా, ఒక మోతాదు దాటని కుదుపులను జీనర్లు అక్కడే ఆపేస్తాయి.

గంటలు లెక్కపెట్టడం ఒకటో తరగతి పనిలా కనిపిస్తుంది. మన దేశపు గంట 0.4 సెకను మోగి, 0.2 సెకను ఆగి, మళ్లీ 0.4 సెకను మోగి, రెండు సెకన్లు మౌనంగా ఉంటుంది. ట్రింగ్ ట్రింగ్ అని జంటగా వినిపించేది అందుకే. అమెరికా గంట రెండు సెకన్లు ఏకబిగిన మోగి నాలుగు సెకన్లు ఆగుతుంది. 25 హెర్ట్జ్ దగ్గర 0.4 సెకనులో పది ఆవృత్తులు పడతాయి. అంటే మనిషి చెవికి ఒక్క గంటగా వినిపించేది ఆప్టోకప్లర్ దగ్గర ఇరవై మెరుపులుగా చేరుతుంది. నాలుగు మెరుపులు రాగానే ఎత్తమని ప్రోగ్రాము రాసినవాళ్ల మెషీను, ఫోను సరిగ్గా మోగకముందే ఎత్తేస్తుంది. మెరుపుల మధ్య ఒక సెకను మించి మౌనం వస్తేనే ఒక గంట పూర్తయినట్టు లెక్క వేసుకోవాలి. అప్పుడు జంట మోతలు ఒక్కటిగా కలిసిపోతాయి. అమెరికా పద్ధతి గంటకు కూడా అదే ప్రోగ్రాము సరిపోతుంది.

ఎన్నో గంటకు ఎత్తాలన్నదాంట్లో పాత కంపెనీలు ఒక గడుసు ఏర్పాటు పెట్టాయి. కొత్త సందేశాలుంటే రెండో గంటకే ఎత్తుతుంది, లేకపోతే నాలుగు దాకా ఆగుతుంది. యజమాని బయటి ఊరి నుంచి సొంత ఇంటికే ఫోను చేసి, మూడో గంట వినపడగానే సందేశాలేమీ లేవని గ్రహించి పెట్టేస్తాడు. మెషీను ఎత్తలేదు కాబట్టి పైసా ఖర్చు కాదు. మిస్డ్ కాల్‌ను మనమే కనిపెట్టామన్న గొప్ప కాస్త పంచుకోక తప్పదు. ప్రోగ్రాములో ఇది ఒకే ఒక్క వరుస.

ఎత్తడమంటే ఏమిటి? ఎక్స్ఛేంజి దృష్టిలో ఎత్తడమంటే ఆ రెండు తీగల మధ్య కరెంటు పారడమే. రిలే మూసుకుని, 600 ఓముల ట్రాన్స్‌ఫార్మర్ చుట్టను లైనుకు కలుపుతుంది. 20 నుంచి 50 మిల్లీఆంపియర్ల డీసీ పారుతుంది, 48 వోల్టులు పది లోపుకు జారిపోతాయి. ఎక్స్ఛేంజి గంట ఆపి, మాటకు దారి తెరిచి, అవతలివాళ్లకు చార్జీ మొదలుపెడుతుంది. ఎత్తింది మనిషా, యంత్రమా అన్నది దానికి అనవసరం. ఐఎస్‌డీ బూతులో ఎర్ర అంకెలు పరిగెత్తుతుంటే అమెరికా మెషీను ఇంగ్లిషులో తీరిగ్గా పలకరింపు చదవడం ఎంత బాధో అనుభవించినవాళ్లకు తెలుసు. ఇంట్లో చేసుకునే మెషీనులో పలకరింపు పొట్టిగా ఉండాలనడానికి అదొక్క కారణం చాలు.

ట్రాన్స్‌ఫార్మర్‌తో ఒక పేచీ ఉంది. మాటను దాటించే ఆ ఇనుప గర్భంలోనుంచి అంత డీసీ కూడా పారితే అది అయస్కాంతంగా నిండిపోయి మాటను నలిపేస్తుంది. డీసీని తట్టుకునేలా చేసిన ట్రాన్స్‌ఫార్మర్ దొరికితే సరేసరి. లేకపోతే దానికి వరుసగా కెపాసిటర్ పెట్టి, డీసీ పారడానికి పక్కన ఒక ట్రాన్సిస్టర్ సర్క్యూటును ఏర్పాటు చేయాలి. ఏది చేసినా ఒక నియమం తప్పకూడదు. లైనుకూ చిప్పుకూ మధ్య వెలుతురో, అయస్కాంతమో, రిలే నాలుకో ఉండాలి తప్ప నేరు తీగ ఉండకూడదు. రెండు తీగల్లో ఒకదాన్ని పొరపాటున భూమికి కలిపితే ఫోనులో 50 హెర్ట్జ్ గురగుర మొదలవుతుంది, ఎక్స్ఛేంజి లైను పాడైందని భావిస్తుంది. వర్షాకాలపు పిడుగుల సంగతి తెలిసినవాళ్లు తీగలు లోపలికి వచ్చేచోట ఒక వేరిస్టర్ కూడా బిగిస్తారు.

ఇక మాట. టెలిఫోను మన గొంతును మొత్తంగా మోయదు. 300 హెర్ట్జ్ నుంచి 3,400 హెర్ట్జ్ దాకా ఉన్న ముక్కను మాత్రమే పోనిస్తుంది. ఫోనులో 'స', 'ఫ'లు ఒకలాగే వినిపించడం, పేరు రెండుసార్లు చెప్పాల్సిరావడం ఆ పైభాగం కత్తిరించినందువల్లే. ఒక ధ్వనిని అంకెలుగా మార్చాలంటే దాని పై పౌనఃపున్యానికి రెట్టింపుకన్నా ఎక్కువసార్లు కొలవాలి. 3,400కు రెట్టింపు 6,800. కాస్త వెసులుబాటు కలుపుకుని ప్రపంచంలోని టెలిఫోను వ్యవస్థలన్నీ సెకనుకు 8,000 దగ్గర స్థిరపడ్డాయి. ఇంటి మెషీనూ అదే వాడుకుంటుంది. 4,000 హెర్ట్జ్ పైన ఏది మిగిలినా అది వేషం మార్చుకుని లోపలికొస్తుంది. 5,000 హెర్ట్జ్ ఈల 3,000 హెర్ట్జ్ ఈలగా వినిపిస్తుంది. సినిమాలో వేగంగా పోయే బండి చక్రం వెనక్కి తిరుగుతున్నట్టు కనిపించడానికీ ఇదే కారణం. అందుకని కొలిచే ముందే ఒక ఫిల్టరు పెట్టి పైభాగాన్ని కోసేస్తారు. సున్నాకు దిగువనున్న వోల్టేజిని చిప్పు చూడలేదు కాబట్టి మాట మొత్తాన్నీ రెండున్నర వోల్టుల మీదికి ఎత్తి కూర్చోబెడతారు.

ఏటీమెగాలో కొలిచే భాగం అయిదు వోల్టులను 1,024 మెట్లుగా విడదీస్తుంది. ఆర్డుయినో మామూలు ఆదేశంతో కొలిస్తే సెకనుకు 9,600 దరిదాపుల్లో కొలతలు వస్తాయి. చాలుననిపిస్తుంది, చాలదు. ప్రోగ్రాము మధ్యలో వేరే పని చూసుకున్నప్పుడల్లా కొలతల మధ్య ఎడం మారి గొంతు వణికినట్టు వస్తుంది. చిప్పులోని టైమరుకే ఆ పని అప్పగించాలి. సెకనుకు 1.6 కోట్ల టిక్కులతో నడిచే చిప్పులో ప్రతి 2,000 టిక్కులకు ఒక కొలత చొప్పున అడిగితే సరిగ్గా 8,000 వస్తాయి. ఒక్కో కొలతలో కింది రెండు బిట్లు వదిలేసి ఎనిమిది బిట్లు ఉంచుకుంటే సెకనుకు 8,000 బైట్లు, నిమిషానికి 4,80,000 బైట్లు. ఎక్స్ఛేంజీలు ఇదే ఎనిమిది బిట్లను ఇంకా తెలివిగా వాడుకుంటాయి. మెల్లని ధ్వనులకు చిన్న మెట్లు, పెద్ద ధ్వనులకు పెద్ద మెట్లు వేస్తాయి. యూరప్, భారత్ ఏ-లా అనే పట్టికను, అమెరికా, జపాన్ మ్యూ-లా అనే పట్టికను వాడతాయి.

నిమిషానికి 4,80,000 బైట్లు. ఏటీమెగా 328పీలో పనిచేసే జ్ఞాపకం 2,048 బైట్లు. అంటే పావు సెకను మాట పడుతుంది. ప్రోగ్రాము దాచుకునే 32 కిలోబైట్ల చోటంతా ఖాళీ చేసి ఇచ్చినా నాలుగు సెకన్లే. ఇంటిపేరుతో సహా పేరు చెప్పి, బీప్ తర్వాత మాట్లాడమని చెప్పేసరికే నాలుగు సెకన్లు దాటిపోతాయి.

ఈ ఇరుకును 1990లలో ఒక చిప్పు చాలా అందంగా తప్పించింది. అమెరికాకు చెందిన ఐఎస్‌డీ కంపెనీ తయారుచేసిన ఐఎస్‌డీ 2560లో 4,80,000 జ్ఞాపక గళ్లుండేవి. మామూలుగా ఒక్కో గడిలో సున్నానో ఒకటో దాస్తారు. ఇది మాత్రం కొలిచిన వోల్టేజిని అంకెగా మార్చకుండా ఉన్నదున్నట్టు గడిలో దాచుకునేది. 8,000 చొప్పున అరవై సెకన్లకు సరిగ్గా సరిపోయే లెక్క అది. ఒక బటను నొక్కితే రికార్డు, ఇంకోటి నొక్కితే మాట, కరెంటు పోయినా చెక్కుచెదరదు. ఆ కంపెనీని 1998లో తైవాన్ సంస్థ విన్‌బాండ్ కొనేసింది. ఆ చిప్పు కుటుంబానికే చెందిన ఐఎస్‌డీ 1820 ఇప్పటికీ చిన్న అట్టల మీద దొరుకుతుంది. పదిసెకన్ల పలకరింపుకు దాన్ని వాడి, సందేశాలను మెమరీ కార్డుకు వదిలేయడం తెలివైన సర్దుబాటు.

మెమరీ కార్డులో చోటుకు కొదవలేదు. ఒక్క గిగాబైటులో 34 గంటలకు పైగా మాట పడుతుంది. అయితే కార్డుకు తనదైన నడక ఉంది. అది 512 బైట్ల మూటలుగానే తీసుకుంటుంది. చిప్పు రెండు మూటలు దగ్గర పెట్టుకుని, ఒకటి నిండుతుండగా రెండోదాన్ని కార్డుకు అందిస్తుంది. ఒక మూట నిండటానికి 64 మిల్లీసెకన్లు. మామూలుగా కార్డు అంతకన్నా చాలా ముందే పని ముగిస్తుంది. అప్పుడప్పుడూ మాత్రం లోపల తన సర్దుళ్లలో పడి, 250 మిల్లీసెకన్ల దాకా జవాబివ్వదు. ఆ వ్యవధిలో వచ్చే మాట 2,000 బైట్లు. చిప్పు మొత్తం జ్ఞాపకమూ అంతే! బల్ల మీద పరీక్షించినన్నాళ్లూ చక్కగా పలికిన మెషీను, ఏదో ఒక సందేశంలో ఒక మాటను మింగేయడానికి కారణమిదే. ఈ తప్పు వెతికేవాళ్లు లైనును, ఫిల్టరును, సోల్డరింగును అనుమానిస్తారు. కార్డును ఆఖరున అనుమానిస్తారు.

విరుగుళ్లున్నాయి. ఫైలుకు కావాల్సిన చోటంతా ముందే వరుసగా కేటాయించి ఉంచితే కార్డుకు సర్దుళ్లు తగ్గుతాయి. కొలతకూ కొలతకూ మధ్య తేడాను మాత్రమే నాలుగు బిట్లలో రాసే ఏడీపీసీఎం పద్ధతిలో భారం సగమవుతుంది. ఇవన్నీ ఎందుకనుకుంటే చిప్పునే మార్చేయాలి. 2021లో నాలుగు డాలర్లకు వచ్చిన రాస్ప్‌బెరీ పై పికోలో 264 కిలోబైట్ల జ్ఞాపకం ఉంది. అరనిమిషం మాట అక్కడే పడుతుంది, కార్డు పావు సెకను అలిగినా పట్టించుకోనక్కర్లేదు. నేర్చుకోవడానికి ఏటీమెగా మంచిది, వాడుకోవడానికి పికో మంచిది.

బయటి నుంచి ఫోను చేసి సందేశాలు వినాలనుకుంటే అంకెల గుర్తింపు కావాలి. ఫోనులో అంకె నొక్కితే వినపడే కూతలో రెండు స్వరాలు కలిసి ఉంటాయి. అడ్డవరుసకు 697, 770, 852, 941 హెర్ట్జ్‌లలో ఒకటి, నిలువు వరుసకు 1209, 1336, 1477లలో ఒకటి. 5 నొక్కితే 770, 1336 కలిసి పలుకుతాయి. వీటిలో ఏదీ మరోదానికి గుణిజం కాదు. మనిషి గొంతులోని సహజ స్వరాలు గుణిజాలుగా వస్తాయి కాబట్టి మాట పొరపాటున అంకెలా వినిపించే అవకాశం తక్కువ. 1963 నవంబరులో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో రెండు చిన్న ఊళ్లలో మొదలైన పద్ధతి ఇది.

ఎంటీ 8870 అనే చిప్పు ఈ జంట స్వరాలను విని నాలుగు బిట్ల అంకెగా చెబుతుంది. మన ఇంజినీరింగు కాలేజీల్లో సెల్‌ఫోనుతో నడిచే రోబో ప్రాజెక్టు చేసినవాళ్లందరికీ ఇది పాత పరిచయమే. దాని పక్కన పెట్టే 3.579545 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ అమెరికా కలర్ టీవీల కోసం లక్షల్లో తయారైంది, అందువల్లే చవకగా దొరికింది. ఈ చిప్పు సున్నా నొక్కితే పది అని చెబుతుంది. ఇది తెలియక సంకేతపదంలో సున్నా పెట్టుకున్నవాళ్లు సొంత మెషీను చేతే గెంటించుకుంటారు. సంకేతపదం 0000, 1234 లాంటిది పెట్టకపోవడం మరో జాగ్రత్త. బ్రిటన్‌లో ప్రముఖుల వాయిస్ మెయిళ్లను పత్రికల మనుషులు దొంగచాటుగా విన్నది, చాలావరకు, కంపెనీ ఇచ్చిన తొలి సంకేతాలు ఎవరూ మార్చుకోకపోవడం వల్లే. ఆ గొడవలో 2011లో న్యూస్ ఆఫ్ ది వరల్డ్ పత్రికే మూతపడింది.

ఇప్పుడు ఆఖరి చిక్కు. సందేశం చెప్పడం ముగించి అవతలి మనిషి ఫోను పెట్టేశాడు. ఈ సంగతి మెషీనుకు ఎవరు చెబుతారు? ఎదురుగా మనిషుంటే 'హలో, హలో' అని తనే పెట్టేస్తాడు. మెషీను మటుకు రిలే మూసుకుని అలాగే వింటూ కూర్చుంటుంది. కొన్ని ఎక్స్ఛేంజీలు లైను కరెంటును క్షణం పాటు తెంచుతాయి, కొన్ని తీగల ధ్రువాలను తారుమారు చేస్తాయి, చాలా ఎక్స్ఛేంజీలు ఆ రెండూ చేయవు. నమ్మకంగా వచ్చేది ఎంగేజ్ టోన్ ఒక్కటే. మన దేశంలో అది 400 హెర్ట్జ్ స్వరం. 0.75 సెకను పలికి, 0.75 సెకను ఆగుతుంది.

ఒకే ఒక్క స్వరం ఉందో లేదో తెలుసుకోవడానికి 1958లో జెరాల్డ్ గోర్ట్‌జెల్ చూపిన లెక్క ఈ చిన్న చిప్పుకు అచ్చంగా అతుకుతుంది. ప్రతి కొలతకు ఒక గుణకారం, రెండు కూడికలు, అంతే. 200 కొలతల మూటను, అంటే 25 మిల్లీసెకన్ల మాటను తీసుకుని 1.902 అనే స్థిరాంకంతో ఈ లెక్క నడిపిస్తే, 400 హెర్ట్జ్ ఎంత బలంగా ఉందో చివర్లో తేలిపోతుంది. కొలతకూ కొలతకూ మధ్య 2,000 టిక్కుల తీరిక ఉంది కాబట్టి ఎనిమిది బిట్ల చిప్పుకు కూడా ఇది భారం కాదు.

కానీ మనుషుల గొంతులోనూ 400 హెర్ట్జ్ ఉంటుంది. దీర్ఘం తీసి 'ఏమండీ...' అన్నా మెషీను ఉలిక్కిపడుతుంది. స్వరంతో పాటు తాళం కూడా చూడాలి. ముప్పావు సెకను ఉండి, ముప్పావు సెకను లేకుండా, అలా వరుసగా నాలుగుసార్లు వస్తేనే అది ఎంగేజ్ టోన్. ఏ మనిషీ అంత కచ్చితంగా నసగడు. ఈ నిర్ధారణకు ఆరు సెకన్లు పడుతుంది. ఆ ఆరు సెకన్లూ సందేశం చివర రికార్డై ఉంటాయి కాబట్టి వెనక్కి వెళ్లి 48,000 బైట్లు కోసేయాలి. టేపు మెషీన్లకు ఆ సౌకర్యం లేదు. పాత రికార్డింగుల్లో ప్రతి సందేశం చివరా కూతలు వినపడేవి అందుకే.

టోన్ రాని లైన్ల కోసం మౌనాన్ని కూడా కొలుస్తారు. ఎన్ని సెకన్ల మౌనమన్న దగ్గర మళ్లీ మనిషిని ఎరిగి ఉండాలి. అయిదు సెకన్లు పెడితే, రిసీవరు పక్కకు తిప్పి 'పెళ్లి ముహూర్తం ఎన్నింటికన్నారు?' అని ఇంట్లోవాళ్లను అడిగే పెద్దాయన ఫోను మధ్యలోనే కట్టవుతుంది. పది, పన్నెండు సెకన్లు పెడితే మేలు. దాని మీద మూడు నిమిషాల గరిష్ఠ హద్దు ఒకటి. మాటే లేని ఖాళీ సందేశాలను చెరిపేసే నాలుగు వరుసలు రాస్తే యజమానికి చాలా విసుగు తప్పుతుంది.

ప్రోగ్రాము ఎక్కడో ఇరుక్కుపోయి రిలే మూసుకునే ఉండిపోతే ఆ నంబరు లోకానికి ఎప్పుడూ ఎంగేజే. చిప్పులోని వాచ్‌డాగ్ టైమరు దీనికి కాపలా. దాన్ని గరిష్ఠంగా ఎనిమిది సెకన్లకు ఒకసారైనా ప్రోగ్రాము తట్టాలి. తట్టకపోతే అది చిప్పును మొదటినుంచి నడిపిస్తుంది, రిలే వదిలేస్తుంది. కరెంటు పోయినప్పుడు కూడా లైను వదిలేసేలా, మామూలుగా తెరిచి ఉండే రిలే కొసలనే వాడాలి. అప్పుడు మెషీను చచ్చినా ఫోను బతికే ఉంటుంది. ఈ రెండు సందర్భాల్లోనూ ఒక నష్టం మిగులుతుంది. వేవ్ ఫైలు మొదట ఉండే 44 బైట్లలో మాట పొడవెంతో రాయాలి. అది సందేశం ముగిశాకే తెలుస్తుంది. మధ్యలో కరెంటు పోతే కార్డులో మాట ఉన్నా, ఫైలు పొడవు సున్నా అని చూపిస్తుంది. కొన్ని సెకన్లకోసారి ఆ అంకెను సవరిస్తూ పోతే నష్టం అంతవరకే పరిమితం.

దీన్ని ఎక్కడ తగిలించి చూడాలన్నది అడగాల్సిన ప్రశ్నే. పరీక్షించి ధ్రువీకరించని పరికరాలను పబ్లిక్ టెలిఫోను వ్యవస్థకు కలపడాన్ని మన దేశపు నిబంధనలు ఒప్పుకోవు. 2017లో తెచ్చిన సవరణతో టెలికాం పరికరాలకు తప్పనిసరి పరీక్ష వచ్చింది. సొంత ప్రయోగానికి అపార్టుమెంట్లలో వాడే చిన్న ఇంటర్‌కమ్ ఎక్స్ఛేంజి చాలు, ఇంటర్నెట్ ఫోన్ల అడాప్టరైనా చాలు. అవి కూడా అచ్చంగా అలాంటి డీసీ, గంట, టోన్లే ఇస్తాయి. వాటి ఎంగేజ్ టోన్ తాళం మాత్రం తయారైన దేశాన్ని బట్టి మారవచ్చు. అందుకే ఆ ముప్పావు సెకన్ల లెక్కను ప్రోగ్రాములో మార్చుకోగలిగేలా ఉంచాలి.

రాగి తీగల చోట ఫైబరు వస్తున్న ఈ రోజుల్లో ఈ పరిజ్ఞానం మరో దారిలో తిరుగుతోంది. పెళ్లిళ్లలో అతిథుల సంతకాల పుస్తకం బదులు, పాత డయలు ఫోను ఒకటి పెట్టి రికార్డింగు యంత్రంగా మార్చే సరదా కొన్నేళ్లుగా విదేశాల్లో బాగా పాకింది. రిసీవరు ఎత్తితే వధూవరుల పలకరింపు వినిపిస్తుంది, బీప్ తర్వాత అతిథి దీవెన చెబుతాడు. లోపల టీన్సీ 4.0 లాంటి మైక్రోకంట్రోలర్, దానికో ఆడియో బోర్డు ఉంటాయి. టెలిఫోను తీగ ఇరుకు ఇక్కడ లేదు కాబట్టి సీడీ నాణ్యతలో, సెకనుకు 44,100 కొలతలు, ఒక్కోటి 16 బిట్లలో దాచుకోవచ్చు. పాత రిసీవర్లలో బొగ్గు గుండ మైకు ఉంటుంది. డీసీ పారితే తప్ప పలకదు, ఏళ్లు గడిస్తే గుండ గడ్డకట్టి గరగరలాడుతుంది. దాన్ని తీసేసి చిన్న ఎలక్ట్రెట్ మైకు అమర్చడం తప్ప పెద్ద మరమ్మతేమీ ఉండదు.

ఇందులో 48 వోల్టులు లేవు, గంట లెక్కలు లేవు, ఎంగేజ్ టోన్ వేట లేదు. అతిథి రిసీవరు పెట్టగానే దాని బరువుకు హుక్కు కిందికి దిగి లోపలి స్విచ్చి కదులుతుంది. పాత లోహపు రేకులు కాబట్టి స్థిరపడేలోపు కొన్ని మిల్లీసెకన్లు అదురుతాయి. చిప్పు ఆ అదురు తగ్గేదాకా ఆగి, స్విచ్చిని మరోసారి చూసి, ఫైలు మొదట్లో పొడవు రాసి మూసేస్తుంది.